గొంతు పులిపిర్లు, హెచ్‌పీవీ గొంతు క్యాన్సర్

నిర్వచనం, పరిధి

హ్యూమన్ పాపిల్లోమా వైరస్‌ను వైద్యులు క్లుప్తంగా హెచ్‌పీవీ అంటారు. చేతుల మీద, కాళ్ల మీద పులిపిర్లు తెప్పించే వైరస్ కుటుంబం ఇదే. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. గొంతు విషయంలో వీటి వల్ల వచ్చే జబ్బులు ముఖ్యంగా రెండు. స్వరపేటికలోనూ శ్వాసనాళంలోనూ పులిపిర్లు లేచి, తీసేసినా మళ్లీ మళ్లీ మొలవడం మొదటిది. దీన్ని తిరగబెట్టే శ్వాసమార్గ పాపిల్లోమా వ్యాధి అంటారు. ఇది 6, 11 రకాల వల్ల వస్తుంది, చాలావరకు క్యాన్సర్‌గా మారదు. రెండోది టాన్సిళ్లలో, నాలుక మొదట్లో వచ్చే క్యాన్సర్. దీనికి ప్రధాన కారణం 16వ రకం.

పేర్లు దగ్గరగా ఉండడంతో ఈ రెండింటినీ ఒకటిగా భావించి భయపడేవారు చాలామంది. వైరస్ కుటుంబం ఒకటే అయినా రకాలు వేరు, చోట్లు వేరు, చికిత్సలు వేరు. మొదటి జబ్బుతో రోగి దశాబ్దాల పాటు సర్దుకుపోతూ బతకాలి. రెండోదానిలో కొన్ని నెలల కఠినమైన చికిత్స, ఆ తర్వాత ఏళ్ల తరబడి పరీక్షలు ఉంటాయి.

చరిత్ర

గొంతులో పులిపిర్ల ప్రస్తావన ఐరోపా వైద్యగ్రంథాల్లో 17వ శతాబ్దం నుంచే ఉంది. గొంతును అద్దంతో చూడడం మొదలయ్యాక, 1871లో లండన్ వైద్యుడు మొరెల్ మెకెంజీ వీటిని మిగతా గడ్డల నుంచి వేరుచేసి పాపిల్లోమాలని పేరు పెట్టాడు. 1970ల మొదట్లో స్ట్రాంగ్, జాకో అనే అమెరికన్ వైద్యులు మైక్రోస్కోపుకు కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను జోడించి స్వరపేటిక శస్త్రచికిత్సకు వాడారు. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ సుర్ హౌజెన్ బృందం 1980ల తొలి ఏళ్లలో 11వ రకాన్ని స్వరపేటిక పులిపిర్లలోనూ, 16, 18 రకాలను గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లోనూ గుర్తించింది. ఈ పరిశోధనకు సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

గొంతు క్యాన్సర్‌లో హెచ్‌పీవీ పాత్రను 2000లో అమెరికన్ వైద్యురాలు మౌరా గిల్లిసన్ బృందం బలంగా నిరూపించింది. హాలీవుడ్ నటుడు మైఖేల్ డగ్లస్ 2013లో తన క్యాన్సర్ గురించి బహిరంగంగా మాట్లాడాక సామాన్య జనానికీ ఈ సంగతి తెలిసింది.

వైరస్ పనితీరు

ఈ వైరస్ పైపొరలో పడ్డ సన్నని గాట్ల గుండా అడుగు కణాల్లోకి చేరుతుంది. అక్కడే ఏళ్ల తరబడి ఊరికే ఉండిపోగలదు. శస్త్రవైద్యుడి కంటికి ఆరోగ్యంగా కనిపించే పక్క కణజాలంలో కూడా వైరస్ డీఎన్‌ఏ ఉంటుందని 1980ల్లోనే తేలింది. పులిపిరి ఎంత శుభ్రంగా తీసినా మళ్లీ మొలవడానికి కారణం ఇదే. “డాక్టరు సరిగా తీయలేదు” అని ఆసుపత్రులు మార్చేవారికి ఈ ఒక్క విషయం ముందే విడమరిచి చెబితే చాలా డబ్బూ మనస్తాపమూ మిగులుతాయి.

16వ రకం దారి వేరు. అది తయారుచేసే ఈ6 ప్రొటీను కణంలోని పి53 అనే కాపలా ప్రొటీనును, ఈ7 ప్రొటీను ఆర్‌బీ అనే మరో కాపలా ప్రొటీనును పనిచేయనివ్వవు. విభజనకు అడ్డు తొలగిపోయిన కణం కాలక్రమంలో క్యాన్సర్ కణమవుతుంది. వైరస్ సోకడానికీ గడ్డ కనిపించడానికీ మధ్య దశాబ్దాలు గడుస్తాయి. నోట్లో హెచ్‌పీవీ చేరినవారిలో ఎక్కువమంది శరీరమే ఒకటి రెండేళ్లలో దాన్ని వదిలించుకుంటుంది.

తిరగబెట్టే పులిపిర్లు: రకాలు, లక్షణాలు

ఇది చిన్నపిల్లల్లో ఒకలా, పెద్దల్లో మరొకలా కనిపిస్తుంది. పిల్లల్లో వచ్చేది ఉధృతంగా ఉంటుంది. అమెరికాలో 1990ల్లో వేసిన అంచనా ప్రకారం లక్షమంది పిల్లల్లో సుమారు నలుగురికి, లక్షమంది పెద్దల్లో సుమారు ఇద్దరికి ఇది వచ్చేది. పిల్లలకు ప్రసవ సమయంలో తల్లి నుంచి వైరస్ చేరుతుంది. తొలి కాన్పు, చిన్న వయసు తల్లి, సహజ ప్రసవం అనే మూడూ కలిసినచోట ఎక్కువగా కనబడుతుంది. అయినా ముప్పు తక్కువే. డెన్మార్క్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, గర్భిణిగా ఉండగా జననాంగ పులిపిర్లున్న తల్లులకు పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో ఏడుగురికి మాత్రమే ఈ జబ్బు వచ్చింది. అందుకే దీన్ని తప్పించడానికని సిజేరియన్ చేయాలని వైద్య సంఘాలు సిఫారసు చేయవు.

పసిపిల్లల్లో ఏడుపు బొంగురుగా మారడం మొదటి గుర్తు. తర్వాత ఊపిరి తీసేటప్పుడు ఈల వేసినట్టు చప్పుడు వస్తుంది. దీన్ని ఆస్తమా (ఉబ్బసం) అని భావించి నెలల తరబడి పంపులు వాడించే సందర్భాలున్నాయి. ఆస్తమా చప్పుడు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వస్తుంది. ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడొచ్చి, గొంతు కూడా మారిందంటే స్వరపేటికను చూడాల్సిందే.

పెద్దల్లో గొంతు బొంగురుపోవడం, మాట్లాడుతుంటే ఊపిరి చాలకపోవడం, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుండడం కనబడతాయి. ఈఎన్‌టీ వైద్యుడు ముక్కు గుండా సన్నని గొట్టపు కెమెరా దింపి చూస్తే స్వరతంతువుల మీద చిన్న కాలీఫ్లవర్ పువ్వుల్లా లేచిన పులిపిర్లు కనిపిస్తాయి. జనం ముక్క పరీక్ష అనే బయాప్సీతో నిర్ధారణ అవుతుంది. వైరస్ రకం కూడా తెలిస్తే మంచిది, 11వ రకం ఎక్కువ మొండిది. కొద్దిశాతం రోగుల్లో ఇవి ఊపిరితిత్తులకు దిగుతాయి. క్యాన్సర్‌గా మారడం అరుదు, అయినా అసలు జరగదని చెప్పలేం. పొగతాగే అలవాటు ఆ ముప్పును పెంచుతుంది. ఈ పులిపిర్లకు రేడియేషన్ ఇవ్వకూడదు, అది కూడా క్యాన్సర్ ముప్పును పెంచుతుందని గత శతాబ్దపు అనుభవం నేర్పింది.

శస్త్రచికిత్స, మందులు

పులిపిరిని తీసి ఊపిరి దారి తెరవడం, స్వరాన్ని కాపాడడం శస్త్రచికిత్స లక్ష్యాలు. జబ్బును వేళ్లతో సహా పెకలించడం దానివల్ల కాదు. మత్తు ఇచ్చి, నోటి గుండా లోహపు గొట్టం పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ మైక్రోడిబ్రైడర్ అనే తిరిగే బ్లేడుతోనో, లేజర్‌తోనో తీస్తారు. మత్తు డాక్టరూ శస్త్రవైద్యుడూ పనిచేయాల్సిన దారి ఒక్కటే కాబట్టి ఇద్దరికీ అనుభవం ఉండాలి. లేజర్ పొగలో వైరస్ డీఎన్‌ఏ ఉంటుంది, అందుకే థియేటర్‌లో ప్రత్యేక మాస్కులు, పొగ పీల్చే యంత్రం వాడతారు.

రెండు స్వరతంతువులు ముందువైపు కలిసే మూల చాలా సున్నితమైన చోటు. రెండువైపులా ఒకేసారి గీకితే పచ్చిగాయాలు రెండూ అతుక్కుని పొరలా కట్టేస్తాయి, స్వరం శాశ్వతంగా పాడవుతుంది. అనుభవజ్ఞులు ఆ మూలలో కొంచెం పులిపిరిని కావాలనే వదిలేస్తారు, లేదా రెండోవైపును మరోసారికి వాయిదా వేస్తారు. ఊపిరి ఆగిపోయే పరిస్థితి వస్తే మెడకు రంధ్రం పెట్టక తప్పదు. కానీ ఆ రంధ్రం దగ్గరా, కిందివైపు గాలిగొట్టంలోనూ పులిపిర్లు లేచే అవకాశముంది కాబట్టి దాన్ని వీలైనంతవరకు తప్పించి, పెట్టినా త్వరగా తీసేయాలని చూస్తారు.

పదే పదే ఆపరేషన్లు అవసరమయ్యేవారికి సిడోఫోవిర్ అనే మందును పులిపిరి మొదట్లోకి ఎక్కించే పద్ధతి 1990ల నుంచి ఉంది. కొత్త రక్తనాళాలను అడ్డుకునే బెవసిజుమాబ్‌ను నరం ద్వారా ఇవ్వడం గత పదిహేనేళ్లలో పెద్ద మార్పు తెచ్చింది. ఊపిరితిత్తులకు దిగిన జబ్బులో కూడా అది బాగా పనిచేస్తోంది. అయితే మందు ఆపితే చాలామందిలో పులిపిర్లు తిరిగి వస్తాయి. ఖరీదు కూడా ఎక్కువే. రక్తపోటునూ మూత్రంలో ప్రొటీనునూ గమనిస్తూ ఇవ్వాలి.

2025 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పాప్జిమియోస్ అనే మందును పెద్దల కోసం ఆమోదించింది. ఈ జబ్బు కోసమే తయారై ఆమోదం పొందిన మొదటి మందు ఇది. 6, 11 రకాల వైరస్ ఉన్న కణాలను రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టేలా చేసే ఇంజెక్షన్ ఇది. 35 మందిపై జరిగిన పరీక్షలో 18 మందికి చికిత్స ముగిశాక ఏడాది పాటు ఆపరేషన్ అవసరం రాలేదు. సంఖ్య చిన్నదే. కానీ ఏడాదికి నాలుగైదుసార్లు థియేటర్‌కు వెళ్లే మనిషికి ఆపరేషన్ లేని ఒక్క ఏడాది ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

స్వరమే జీవనాధారమైనవారు: మైత్రీవనం పరిసరాలు

హైదరాబాద్‌లో అమీర్‌పేట కూడలి దగ్గర హుడా కట్టిన మైత్రీవనం, దాని చుట్టుపక్కల స్వర్ణజయంతి కాంప్లెక్స్, ఆదిత్య ఎన్‌క్లేవ్ భవనాలు సాఫ్ట్‌వేర్ శిక్షణకు పేరుపడ్డాయి. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ నిరుద్యోగ యువత ఇక్కడికి వచ్చి, ఎస్.ఆర్.నగర్, బల్కంపేట హాస్టళ్లలో ఉంటూ కోర్సులు నేర్చుకుంటారు. ఫ్యాకల్టీ పేరు చూసి బ్యాచ్ నిండుతుంది. తెల్లవారి ఏడు గంటల బ్యాచ్, ఆ తర్వాత ఫ్రీ డెమో, సాయంత్రం ఉద్యోగుల బ్యాచ్, రాత్రి ఆన్‌లైన్ క్లాసు చొప్పున ఒకే మనిషి రోజంతా మాట్లాడుతూనే ఉంటాడు.

ఇలాంటి వృత్తిలో గొంతు బొంగురుపోతే ఎవరూ ఆశ్చర్యపోరు. ఏసీ గాలి, ఎక్కువ మాట్లాడడం, వేళతప్పిన తిండి వల్ల పైకి ఎగదన్నే ఆమ్లం అనే కారణాలు సిద్ధంగా ఉంటాయి. చాలాసార్లు అవే నిజమైన కారణాలు కూడా. అతిగా మాట్లాడితే స్వరతంతువుల మీద కాయలు వస్తాయి, పులిపిర్లు రావు. కానీ రెండింటిలోనూ పైకి వినిపించేది ఒకే బొంగురు గొంతు. మిరియాల పాలు, లవంగం, మందుల షాపు గోళీలతో కాలం గడిచిపోతుంది. జలుబు లేకుండా గొంతు మారి మూడు నాలుగు వారాలు దాటితే స్వరపేటికను కెమెరాతో చూపించుకోవాలన్నది వైద్యులందరూ చెప్పే నియమం. పొగతాగేవారైతే అంతకాలం కూడా ఆగకూడదు. ఆ పరీక్ష కొద్ది నిమిషాల్లో, మత్తు లేకుండా అయిపోతుంది.

పులిపిర్లని తేలాక అసలు ఇబ్బంది మొదలవుతుంది. ప్రతి ఆపరేషన్ తర్వాత కొన్నిరోజులు మౌనం పాటించాలి. ఆ మౌనంలో బ్యాచ్ వేరే ఫ్యాకల్టీకి పోతుంది. చొక్కాకు తగిలించుకునే మైకు, స్లైడ్లమీద ఎక్కువ ఆధారపడే బోధన, రికార్డు చేసిన పాఠాలు, స్పీచ్ థెరపిస్టు నేర్పే శ్వాస పద్ధతులు కొంత ఊరటనిస్తాయి. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి దొరుకుతుందనుకోవడం పొరపాటు, చాలామందిలో అది స్వరతంతువులను ఇంకా బిగిస్తుంది. ఒకే మైకు వాడుకోవడం, ఒకే గదిలో పనిచేయడం, కలిసి భోంచేయడం వల్ల అంటుకునే జబ్బుగా దీన్ని పరిగణించరు. రోగిని దూరంగా పెట్టాల్సిన అవసరం ఏమీ లేదు.

పాత రోగులు ఒక పద్ధతి పాటిస్తారు. ప్రతి పరీక్షలో తీసిన స్వరపేటిక ఫోటోలు, ఆపరేషన్ కాగితాలు, బయాప్సీ రిపోర్టులు తేదీల వరుసలో ఒకే ఫైల్లో పెడతారు. ఊపిరి అందక అర్ధరాత్రి తెలియని ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే, ఏ సైజు గొట్టం పడుతుందో మత్తు డాక్టరుకు ఆ ఫైలే చెబుతుంది.

చూడండి: స్వరతంతువుల కాయలు, స్వర చికిత్స.

హెచ్‌పీవీ గొంతు క్యాన్సర్

టాన్సిళ్లు, నాలుక మొదలు, మెత్తని అంగిలి, వాటి వెనుక గోడ కలిసిన భాగంలో ఇది వస్తుంది. ఆడవారికంటే మగవారిలో ఎక్కువ. గొంతులో నొప్పి లేకుండానే మెడలో గడ్డ కనిపించడం తరచుగా మొదటి గుర్తు. ఒకవైపు టాన్సిల్ పెద్దదవడం, ముద్ద దిగేటప్పుడు ఇబ్బంది, చెవిపోటు కూడా ఉండవచ్చు. మెడ గడ్డను టీబీ అనుకుని మందులు మొదలుపెట్టే ముందు సూది పరీక్ష చేయించడం అవసరం.

కణితి ముక్కలో పి16 అనే ప్రొటీను నిండుగా కనిపిస్తే హెచ్‌పీవీ కారణమని భావిస్తారు. హెచ్‌పీవీ వాటా తక్కువగా ఉండే ప్రాంతాల్లో పి16 ఒక్కటే నమ్మితే పొరబడే అవకాశం పెరుగుతుంది కాబట్టి వైరస్ డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కూడా మంచిది. ఈ తేడా రోగి భవిష్యత్తును చెబుతుంది. 2010లో వెలువడిన ఒక ప్రముఖ అమెరికన్ అధ్యయనంలో మూడేళ్ల తర్వాత బతికున్నవారు హెచ్‌పీవీ ఉన్నవారిలో 82.4 శాతం, లేనివారిలో 57.1 శాతం. పొగ అలవాటు ఉంటే ఈ మేలు తగ్గిపోతుంది. ఈ క్యాన్సర్‌కు దశలను వేరే పద్ధతిలో లెక్కించాలని అంతర్జాతీయ వర్గీకరణ ఎనిమిదో కూర్పులో నిర్ణయించారు. మెడ గడ్డతో వచ్చినా మొదటి దశగానే లెక్కకు రావచ్చు.

ఫలితాలు బాగున్నాయి కాబట్టి చికిత్స తీవ్రత తగ్గిద్దామని ప్రయత్నాలు జరిగాయి. రేడియేషన్‌తోపాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు బదులు సెటుక్సిమాబ్ అనే మందు ఇచ్చి చూసిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2018లో వచ్చాయి. రెండింటిలోనూ సెటుక్సిమాబ్ ఇచ్చినవారు ఎక్కువగా చనిపోయారు. పరిశోధనల్లో భాగంగా తప్ప చికిత్సను తగ్గించకూడదన్నది ఇప్పటి అవగాహన.

తెలుగు నేల పరిస్థితి

అమెరికాలో ఈ భాగపు క్యాన్సర్లలో 70 శాతం దాకా హెచ్‌పీవీకి ఆపాదిస్తారు. భారతదేశంలో ఆ వాటా చాలా తక్కువ. ఇక్కడ నోటి, గొంతు క్యాన్సర్లకు ముఖ్యకారణాలు గుట్కా, ఖైనీ, జర్దా, బీడీ, చుట్ట, మద్యం. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు, దానితో ఆడవారిలో ఎక్కువగా వచ్చే అంగిలి క్యాన్సర్ వైద్య సాహిత్యంలో ప్రసిద్ధం. శ్రీకాకుళం జిల్లాలో జరిగిన అధ్యయనాలు 1970ల్లోనే అంతర్జాతీయ పత్రికల్లో వచ్చాయి.

అలాగని హెచ్‌పీవీని పక్కన పెట్టడానికి వీల్లేదు. పొగాకు అలవాటే లేని నడివయసు మనిషి మెడ గడ్డతో వస్తే, “నీకు క్యాన్సరేమిటి, సిగరెట్ కూడా తాగవు” అన్న మాటతో వైద్యం ఆలస్యమవుతుంది.

చూడండి: అడ్డపొగ, నోటి క్యాన్సర్.

చికిత్స కాలం, ఆ తర్వాతి జీవితం

జనం కరెంటు పెట్టడం అనే రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఏడు వారాలు సాగుతుంది. సాధారణంగా 35 విడతలు, దానితోపాటు సిస్‌ప్లాటిన్ కీమో. గడ్డ చిన్నదైతే నోటి గుండా శస్త్రచికిత్స సరిపోవచ్చు. రేడియేషన్‌కు ముందే పుచ్చిన పళ్లు తీయించాలి. తర్వాత తీస్తే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదముంది.

రెండో మూడో వారం నుంచి నోరంతా పూస్తుంది. ఆవకాయ సంగతి అటుంచి, చారులో మిరియం కూడా ఓర్చుకోలేరు. మెత్తగా చిదిమిన పెరుగన్నం, ఉప్పు తక్కువ వేసిన రాగి జావ, చల్లని పాలు, గుడ్డు, పప్పుకట్టు మీద నెట్టుకురావాలి. అదీ కుదరకపోతే ముక్కు గొట్టం వేస్తారు. గొట్టం వేశారంటే మనిషి అయిపోయాడని బంధువులు ఏడవడం సాధారణం. నిజానికి బరువు తగ్గకుండా, చికిత్స మధ్యలో ఆగకుండా కాపాడేది అదే. గొట్టం ఉన్నా రోజూ కాసిని నీళ్లయినా మింగుతూ ఉండాలి, లేకపోతే మింగే కండరాలు పని మరిచిపోతాయి.

లాలాజలం తగ్గి నోరు ఎండిపోవడం ఏళ్లపాటు ఉంటుంది. అన్నంలో మజ్జిగ, చారు ఎక్కువ కలుపుకోవడం, పక్కన నీళ్ల సీసా, ఫ్లోరైడ్ పేస్టు జీవితంలో భాగమవుతాయి. స్వరపేటిక పూర్తిగా తీసేయాల్సి వచ్చినవారికి మాట్లాడే కవాటం అమరుస్తారు. విదేశీ కవాటాలు ఖరీదైనవి కావడంతో బెంగళూరు క్యాన్సర్ శస్త్రవైద్యుడు విశాల్ రావు ఒక డాలరు ఖరీదులో దొరికేలా ఓం పేరిట కవాటం రూపొందించారు.

హైదరాబాద్‌లో వైద్య వసతులు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ నుంచి ఎల్బీనగర్ వైపు వెళ్లే ఎర్ర లైను, 2018 సెప్టెంబరు 24న మొదలైనప్పటి నుంచి, ఈ జబ్బుల ఆసుపత్రుల్లో కొన్నింటిని ఒకే దారిలో కలుపుతోంది. తర్వాతి స్టేషన్ పంజాగుట్టలో నిమ్స్ ఉంది. లక్డీకాపూల్‌లో దిగితే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి చేరువ. బంజారాహిల్స్‌లో బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి 2000 సంవత్సరం నుంచి పనిచేస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్ అందుతాయి. తెలంగాణలో దీని పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు.

కుటుంబంలో తలెత్తే ప్రశ్నలు

హెచ్‌పీవీ అనే మాట వినగానే భార్యాభర్తల మధ్య “ఎవరి నుంచి వచ్చింది” అన్న ప్రశ్న లేస్తుంది. నోటికి ఇది ముఖ్యంగా ముఖరతి ద్వారా చేరుతుంది, అది నిజం. కానీ వైరస్ దశాబ్దాలు నిద్రాణంగా ఉండగలదు కాబట్టి, ఎప్పుడు, ఎవరి నుంచి సోకిందో తేల్చే పరీక్ష ఏదీ లేదు. లైంగిక జీవితం ఉన్న దాదాపు ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రకం హెచ్‌పీవీ తగులుతుంది. ఈ నిర్ధారణ ఎవరి శీలానికీ సాక్ష్యం కాదు. ఈ మాట చెప్పాల్సిన బాధ్యత వైద్యుడిదే, రోగి అడిగేదాకా ఆగకుండా చెప్పాలి.

టీకా, ఖమ్మం అనుభవం

గార్డసిల్ టీకా 2006లో అమెరికాలో ఆమోదం పొందింది. అది 6, 11, 16, 18 రకాలను ఆపుతుంది. అంటే ఈ వ్యాసంలోని రెండు జబ్బులకూ మూలమైన రకాలు అందులో ఉన్నాయి. ఆస్ట్రేలియా 2007లో ఆడపిల్లలకు, 2013లో మగపిల్లలకు జాతీయ కార్యక్రమంగా టీకా మొదలుపెట్టింది. అక్కడ పిల్లల్లో కొత్త గొంతు పులిపిర్ల కేసులు 2012లో లక్షకు 0.16 ఉండగా 2016కు 0.02కు పడిపోయాయి.

తెలుగు నేలపై ఈ టీకా కథ చేదుగా మొదలైంది. 2009లో అమెరికా స్వచ్ఛంద సంస్థ పాత్, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేలమందికి గార్డసిల్ వేయించాయి. వారిలో హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు ఎందరో. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణమని చెప్పే ఆధారం ప్రభుత్వ విచారణ సంఘానికి కనబడలేదు. కానీ సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసిన సంగతి బయటపడింది. దుష్ఫలితాలను గమనించే ఏర్పాటూ బలహీనంగా ఉంది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ లోపాలను తీవ్రంగా తప్పుపట్టింది. ఆ నివేదికను న్యాయస్థానంలో ఆధారంగా వాడవచ్చా అన్న ప్రశ్నకు, వాడవచ్చని 2018 మే 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది.

టీకా మంచిదే, వేసిన తీరు తప్పు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. రెండో మాటను దాచిపెట్టి మొదటిదాన్ని చెప్పడం వల్లే ఊళ్లలో అనుమానం బలపడింది.

2022 జులైలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్‌కు భారత ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది. అందులోనూ 6, 11, 16, 18 రకాలే ఉన్నాయి. 9 నుంచి 26 ఏళ్ల ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేయవచ్చు. తెలుగు ఇళ్లలో ఇది ఇంకా ఆడపిల్లల టీకాగానే చెలామణి అవుతోంది. గొంతు క్యాన్సర్ మగవారిలో ఎక్కువ కాబట్టి మగపిల్లల తల్లిదండ్రులు కూడా పిల్లల డాక్టరును అడగాలి. ఇప్పటికే పులిపిర్లు ఉన్నవారికి టీకా వేస్తే ఆపరేషన్ల మధ్య వ్యవధి పెరిగిందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి, కొన్నింటిలో ఆ మేలు కనబడలేదు. ఉన్న క్యాన్సర్‌ను మాత్రం ఈ టీకా నయం చేయదు.

చూడండి: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, టీకా కార్యక్రమాలు, వైద్య పరిశోధనలో సమ్మతి.